పాత ఐరోపా విజ్ఞాన ముద్రాచిత్రాలను పరిశీలించే పద్ధతి

16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఐరోపాలో అచ్చయిన వృక్ష, జంతు, శరీరశాస్త్ర గ్రంథాలను అనేక గ్రంథాలయాలు స్కాన్ చేసి అందుబాటులో ఉంచాయి కాబట్టి, వాటిలోని బొమ్మలను ఒక్కో గీత కనబడేంత పెద్దవిగా చేసి ఇంట్లోనే చూడవచ్చు. బొమ్మ తెరవగానే కన్ను చెట్టు మీదకో జంతువు మీదకో పోతుంది. కాసేపు దాన్ని పక్కన పెట్టి గీతను చూడాలి. అది దేని మీద చెక్కినదో తేలితే తక్కిన ప్రశ్నలు సులువవుతాయి.

కొయ్య అచ్చులో గీత చుట్టూ ఉన్న చెక్కను తొలగించి, మిగిలిన గట్టుకు సిరా పూస్తారు. ఆ గట్టు అక్షరాల అచ్చుతో సమానమైన ఎత్తులో ఉంటుంది కనుక బొమ్మ, వచనం ఒకే పేజీ మీద ఒకే ఒత్తులో పడతాయి. గీతలు కొంత మందంగా ఉంటాయి. అడ్డదిడ్డంగా ఖండించుకునే గీతలు తక్కువ, ఎందుకంటే వాటి నడుమనున్న ప్రతి చిన్న గడినీ విడిగా తవ్వవలసి వస్తుంది. రాగి పలకది దీనికి పూర్తిగా తలకిందులైన పద్ధతి: గాడిలో సిరా నింపి, పలక పైభాగాన్ని తుడిచి, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి రోలర్ల మధ్య బలంగా నొక్కితే గాడిలోని సిరా కాగితానికి అంటుకుంటుంది. అందువల్ల బొమ్మ చుట్టూ పలక అంచు నొక్కుకున్న గుర్తు మిగులుతుంది. ఉలితో చెక్కిన గీత సన్నగా మొదలై, నడుమ ఉబ్బి, మొనదేలి ముగుస్తుంది. ఆమ్లంతో తినిపించిన గీత కలంతో గీసినంత స్వేచ్ఛగా సాగి, చివర మొద్దుగా ఆగుతుంది. ఒకే పలక మీద రెండూ కలిసి ఉండడం మామూలే.

తర్వాత బొమ్మ కింది అంచున ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. ‘డెలిన్.’ అని ఉంటే ఆ పేరు గీసినవారిది, ‘స్కల్ప్.’ అని ఉంటే చెక్కినవారిది, ‘ఎక్స్‌కుడిట్’ అని ఉంటే ప్రచురించినవారిది. జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రచురించిన మూలికా గ్రంథంలో ఇంకా అరుదైన మర్యాద కనిపిస్తుంది: మొక్కను గీసిన మేయర్, దాన్ని కొయ్యపైకి ఎక్కించిన ఫ్యుల్‌మౌరర్, చెక్కిన స్పెక్‌లే, ముగ్గురి ముఖచిత్రాలనూ వారి పేర్లతో సహా అచ్చువేశారు.

అచ్చు ఎప్పుడూ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి శంఖం కంటే మంచి సాధనం లేదు. మొన పైకి, నోరు మన వైపు ఉండేటట్టు పెడితే చాలా జాతులలో నోరు కుడి పక్కన ఉంటుంది; చిత్రంలో ఎడమ పక్కన ఉంటే చెక్కినవారు చూసింది చూసినట్టే పలకపై దింపేశారని అనుమానించాలి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో ఆమ్లంతో చేసిన శంఖం చిత్రం ఇలాంటిదే: సంతకాన్ని జాగ్రత్తగా తిప్పి రాసినందువల్ల అది సరిగా చదవబడుతుంది, శంఖం మాత్రం తిరగబడింది. మొన కిందికి పెట్టి చూసే మన లెక్కలో చెప్పాలంటే, మామూలు శంఖం కాస్తా దక్షిణావర్తమైపోయింది.

ఇక అసలు ప్రశ్న: ఇది ఒక నమూనాను చూసి గీసినదా, అనేకం చూసి కూర్చినదా? ఫుక్స్ గ్రంథంలో ఒకే చెర్రీ చెట్టుకు వేర్వేరు రకాల పండ్లు కాసి ఉంటాయి. అది పొరపాటు కాదు, జాతి మొత్తాన్ని ఒక్క బొమ్మలో చెప్పే పద్ధతి. సూక్ష్మదర్శినిలో చూసినవాటిని చిత్రించిన 1665 నాటి మైక్రోగ్రాఫియా గ్రంథంలో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ కూడా, పలు వెలుగులలో, పలు కోణాలలో చూసి నిజరూపం తేల్చుకున్న తర్వాతే గీయడం మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. (కదలకుండా ఉండడం కోసం ఆయన చీమకు బ్రాందీ పట్టించాడు కూడా.) జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1515లో చేసిన ఖడ్గమృగం కొయ్య అచ్చు మరో రకం, లిస్బన్‌కు వచ్చిన ఆ జంతువును ఆయన చూడనే లేదు, ఒక వర్ణననూ రేఖాచిత్రాన్నీ ఆధారం చేసుకున్నాడు. భుజంపై ఆయన పెట్టిన లేని కొమ్ము, స్విస్ పండితుడు గెస్నర్ 1551లో ప్రచురించిన జంతుగ్రంథంతో సహా ఎన్నో నకళ్లలోకి పాకింది. ఇలాంటి తప్పే నకలును పట్టిస్తుంది, కాబట్టి అందం కంటే తప్పునే ముందు వెతకడం మేలు.

రంగును మాత్రం తొందరపడి నమ్మరాదు. చాలావరకు అది అచ్చు తర్వాత చేత్తో వేసినది, ప్రతి ప్రతికీ మారుతుంది. చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువరించిన, దక్షిణ అమెరికాలోని సురినామ్ కీటకాల గ్రంథంలోని 60 చిత్రాలు రంగులతోనూ, రంగులు లేకుండానూ అమ్ముడయ్యాయి. తడి అచ్చు మీద మరో కాగితం నొక్కి తీసిన ప్రతులు కూడా ఉన్నాయి. వాటిలో గీత పలచగా ఉంటుంది, దిశ మళ్లీ సరి అవుతుంది.

అభ్యాసానికి కొంచెం తర్వాతి కాలపు గ్రంథమైనా సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీర వృక్షాల గ్రంథం అనుకూలం. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన దాని 300 చిత్రాలకు మూలం భారతీయ చిత్రకారుల బొమ్మలు. లండన్‌లోని క్యూ వృక్షోద్యానంలో ఉన్న రాక్స్‌బర్గ్ చిత్రాల సంపుటిని పక్కన పెట్టుకుని, ఒక్కో ఆకు ఏ వైపు తిరిగిందో, ఏ ఈనె అచ్చులో తప్పిపోయిందో పోల్చి చూడవచ్చు.