ఇంటి ఆడియో పాఠాలు – 6: అప్‌శాంప్లింగ్ కంప్యూటర్ చెయ్యాలా, డ్యాక్‌కి వదిలెయ్యాలా?

44.1 కిలోహెర్ట్జ్ ఫైలులో 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమంతా ఇమిడిపోతుందని పోయిన పాఠంలో చూశాం. అది లెక్క ప్రకారం. ఆ శాంపుళ్ల నుంచి (సెకనుకు 44,100 సార్లు తీసిన అల కొలతల నుంచి) మళ్లీ నునుపైన అలని రాబట్టాలంటే ఒక ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్ ఎక్కడ ఉంటే మంచిదన్నదే ఈసారి పాఠం.

సాఫ్ట్‌వేర్‌లో అప్‌శాంపుల్ చేసి (ఉన్న శాంపుళ్ల మధ్య కొత్తవి లెక్కగట్టి చేర్చి) పంపితే పాట విచ్చుకుంటుందని ఒక వర్గం అంటుంది. డ్యాక్ (అంకెల్ని ఎలక్ట్రికల్ సంకేతంగా మార్చే పరికరం) పనిలో మీరు వేలు పెట్టకండని ఇంకో వర్గం అంటుంది. ఈ గొడవలో ఒక సంగతి మరుగున పడిపోతుంది. మీరు ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా అప్‌శాంప్లింగ్ జరిగిపోతూనే ఉంటుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న డ్యాక్ చిప్‌లలో ఎక్కువ భాగం, వచ్చిన 44.1ని లోపల 8 రెట్లు పెంచి 352.8 చేసుకున్నాకే మిగతా పని మొదలుపెడతాయి. అప్‌శాంప్లింగ్ వల్ల ఫైలులో లేని సంగీతం కొత్తగా పుట్టుకొస్తుందన్న ఆశ కూడా ఇక్కడే వదిలేసుకోండి. ఎవరు చేసినా అది ఫిల్టర్‌కి వీలు కల్పించే పనే.

ఎందుకా వీలు? 20 కిలోహెర్ట్జ్ స్వరాన్ని 44.1 దగ్గర శాంపుల్ చేస్తే, దాని నీడ ఒకటి 24.1 దగ్గర కనిపిస్తుంది (44.1లోంచి 20 తీసెయ్యండి). అసలు స్వరాన్ని ముట్టుకోకుండా ఆ నీడని చెరిపెయ్యాలి. రెండింటి మధ్యా ఉన్న చోటు 4.1 కిలోహెర్ట్జ్. కాయిల్సూ కెపాసిటర్లతో అంత నిటారైన ఫిల్టర్ కట్టడం కష్టం, ఖర్చు. 1982లో వచ్చిన సోనీ సీడీపీ-101 ఆ కష్టమే పడింది. అందులో 16-బిట్ డ్యాక్, దాని వెనక నిటారు అనలాగ్ ఫిల్టర్ ఉన్నాయి. ఫిలిప్స్‌ది వేరే ఇబ్బంది. సీడీకి 16 బిట్లని ఖాయమయ్యేసరికి వాళ్ల చేతిలో ఉన్నది టీడీఏ1540 అనే 14-బిట్ డ్యాక్. దాన్ని పారెయ్యకుండా, ముందు ఒక డిజిటల్ ఫిల్టర్ చిప్ పెట్టి శాంపుల్ రేటుని 4 రెట్లు, అంటే 176.4కి పెంచారు. దాంతో నీడ 156.4 దగ్గరికి పోయింది. ఇక సాదాసీదా అనలాగ్ ఫిల్టర్ సరిపోతుంది. దానికి తోడు నాయిస్ షేపింగ్ (రణగొణని వినిపించని ఫ్రీక్వెన్సీలకి నెట్టే పద్ధతి) వాడి 14-బిట్ డ్యాక్‌తోనే దాదాపు 16-బిట్ నాణ్యత రాబట్టారు. ఇంటి ప్లేయర్లలో హార్డ్‌వేర్ అప్‌శాంప్లింగ్ అలా మొదలైంది.

ఇప్పటి చిప్‌లలో ఉన్నది దాని వారసత్వమే. కాకపోతే చిప్‌లో చోటు, కరెంటు రెండూ పొదుపుగా వాడాలి కాబట్టి తయారీదార్లు ఒక చిన్న రాజీ పడతారు. వాళ్లు ఎక్కువగా వాడేది హాఫ్-బ్యాండ్ ఫిల్టర్. దాని గుణకాల్లో (శాంపుళ్లని గుణించే అంకెల్లో) దాదాపు సగం సున్నాలే కావడంతో గుణకారాలు సగానికి తగ్గిపోతాయి. బదులుగా, 22.05 దగ్గర పూర్తిగా ఆపవలసిన ఫిల్టర్ అక్కడ 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది. పూర్తిగా ఆపేది 24.1 దగ్గర. మీ డ్యాక్ చిప్ డేటాషీట్ దొరికితే తెరిచి చూడండి. స్టాప్‌బ్యాండ్ (ఫిల్టర్ పూర్తిగా ఆపడం మొదలుపెట్టే చోటు) వరసలో చాలావాటికి 0.546 అనే అంకె కనిపిస్తుంది. దాన్ని 44.1తో గుణిస్తే వచ్చేది ఈ 24.1.

ఇదేమంత ఘోరం కాదు. 20కీ 22.05కీ మధ్య పాటలో ఉండేదే తక్కువ, దాని నీడ వినగలిగే చెవి అంతకన్నా అరుదు. పెద్దవాళ్లలో చాలామందికి 16, 17 కిలోహెర్ట్జ్ దాటితే ఏమీ వినిపించదు.

కంప్యూటర్‌కి ఈ పొదుపు బాధ లేదు. మామూలు లాప్‌టాప్ కూడా 64-బిట్ ఫ్లోటింగ్ లెక్కలతో, వేల ట్యాపుల (అంటే వేల గుణకాల) ఫిల్టర్‌తో 44.1ని 176.4 చేసి చిప్‌కి అందించగలదు. అప్పుడు చిప్‌కి మిగిలేది 2 రెట్ల పని. అది కూడా దాని ఫిల్టర్ సుమారు 80, 96 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఎక్కడో కోస్తూ చేసేది. వినే శబ్దానికి అది ఆమడ దూరం. అంటే చిప్ ఫిల్టర్‌ని ఆపకుండానే దాని ప్రభావాన్ని పక్కకు తప్పించినట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్ల వాదనలో నికరంగా నిలిచే భాగం ఇదే.

మధ్యే మార్గం కూడా ఒకటుంది. ఛార్డ్ కంపెనీ 2018లో హ్యూగో ఎం స్కేలర్ అనే పెట్టెని తెచ్చింది. ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు ప్రోగ్రామ్ చేసుకోగల) చిప్‌తో సుమారు 10 లక్షల ట్యాపుల ఫిల్టర్ నడిపి, 44.1ని 705.6 దాకా పెంచుతుంది. దాన్ని హార్డ్‌వేర్ అనాలా, పెట్టెలో పెట్టిన సాఫ్ట్‌వేర్ అనాలా? రెండూ చెల్లుతాయి. లెక్క వేసి చూడండి: 705.6 కిలోహెర్ట్జ్ దగ్గర 10 లక్షల ట్యాపులంటే సుమారు 1.4 సెకన్ల పొడవు. రెండు వైపులా సమానంగా ఉండే ఫిల్టర్ అయితే అందులో సగం, అంటే 0.7 సెకను ఆలస్యం తప్పదు. పాట వింటే తెలియదు. సినిమా చూస్తే పెదాలు ముందు, మాట వెనక. నన్నడిగితే, ఇంట్లో వినడానికి ఇది గోటితో పోయేదానికి గొడ్డలి.

సాఫ్ట్‌వేర్‌వల్ల ఖచ్చితంగా లాభం ఉన్న చోటు ట్యాపుల పోటీలో లేదు, హెడ్‌రూమ్‌లో (హద్దుకి పైన వదిలే చోటులో) ఉంది. నోటుబుక్కు తీసి ఈ లెక్క ఒక్కసారి చెయ్యండి. 11.025 కిలోహెర్ట్జ్ సైన్ అల తీసుకోండి. 44.1లో సరిగ్గా నాలుగో వంతు కాబట్టి ఒక చుట్టుకు నాలుగే శాంపుళ్లు. అవి 45, 135, 225, 315 డిగ్రీల దగ్గర పడ్డాయనుకుందాం. 16-బిట్‌లో వాటిని వీలైనంత గట్టిగా రాస్తే వచ్చేవి:

32767, 32767, −32767, −32767

ఫైలులో ఎక్కడా హద్దు దాటలేదు. ఇప్పుడు 2 రెట్లు అప్‌శాంపుల్ చేస్తే మొదటి రెంటి మధ్యా, 90 డిగ్రీల దగ్గర, ఒక కొత్త శాంపుల్ రావాలి. అల శిఖరం అదే. దాని విలువ 32767ని 1.414తో గుణించినంత, అంటే 46,340. హద్దు చూస్తే 32,767. చిప్‌లో ఫిల్టర్‌కి పైన చోటు వదలకపోతే ఆ శిఖరం అక్కడికక్కడే తెగిపోతుంది. గట్టిదనం కోసం నొక్కి నొక్కి మాస్టర్ చేసిన ఇప్పటి పాటల్లో ఇంత కాకపోయినా ఇలాంటి శిఖరాలు వస్తూనే ఉంటాయి. కొన్ని డ్యాక్‌లలో దీనికి ముందే జాగ్రత్త తీసుకున్నారు. బెంచ్‌మార్క్ డ్యాక్3లో 3.5 డెసిబెల్స్ చోటు వదిలిపెట్టారు. మీదాంట్లో లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో అప్‌శాంప్లింగ్‌కి ముందే వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. 3 తగ్గిస్తే చాలనుకుంటారు చాలామంది. పై అలకి 3 తగ్గిస్తే వచ్చేది 32,806, ఇంకా 39 ఎక్కువే. 3.5 పెట్టుకోండి. 24-బిట్ డ్యాక్‌కి పంపేటప్పుడు ఈ తగ్గింపువల్ల పోయేదేమీ లేదు.

ఫిల్టరే లేని డ్యాక్‌లు కూడా కొందరి దగ్గర ఉంటాయి. వాటిని నాన్-ఓవర్‌శాంప్లింగ్ అంటారు, సంక్షిప్తంగా నాస్. 44.1ని నేరుగా పంపితే అవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3.2 డెసిబెల్స్ తక్కువగా పలుకుతాయి, నీడలన్నీ బయటికి వస్తాయి. అదే 352.8 చేసి పంపితే ఆ లోటు 0.05కి పడిపోతుంది. ఇక్కడ తేడా కొలతల్లోనే కాదు, చెవికి కూడా అందొచ్చు. మీది నాస్ డ్యాక్ అయితే పాఠంలో మిగతాది చదవకుండానే సాఫ్ట్‌వేర్‌కి ఓటు వెయ్యండి. ఆ మొత్తని ధ్వని ఇష్టమయ్యే కొన్నానంటారా, ముట్టుకోకండి.

ఇక ప్రాక్టికల్. ముందు మీ కంప్యూటర్ మీకు తెలియకుండా ఏం చేస్తోందో పట్టుకోండి. డ్యాక్‌కి డిస్‌ప్లే ఉంటే 44.1 పాట పెట్టి దాని మీద ఏ అంకె పడుతోందో చూడండి. 48 అని పడితే మధ్యలో ఎవరో చెయ్యి చేసుకున్నట్టే. విండోస్‌లో అయితే సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ డివైజ్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని డీఫాల్ట్ ఫార్మాట్ దగ్గర, మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్‌లో తెలుస్తుంది. లైనక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ మామూలుగా 48నే పట్టుకుని ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల ధోరణి కూడా చాలావరకూ అదే. 44.1 నుంచి 48కి పోవడమంటే 160/147 అనే చిక్కు నిష్పత్తి, దానివల్లే చెడుతుందని ఒక నమ్మకం ఉంది. మంచి రీశాంప్లర్‌కి (రేటు మార్చే సాఫ్ట్‌వేర్‌కి) అదో లెక్క కాదు. చెడేది రీశాంప్లర్ నాసిరకమైతే. అక్కడ ఏది నడుస్తోందో మీకు తెలియనప్పుడు ఆ దారినే మూసెయ్యడం మేలు. ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ (మధ్యలో ఎవరూ రాకుండా పాట నేరుగా డ్యాక్‌కి వెళ్లే సెట్టింగ్) ఆన్ చెయ్యండి, డ్యాక్ మీద 44.1 కనబడాలి.

అది కుదిరాకే అప్‌శాంప్లింగ్ ఆన్ చెయ్యండి. ఫూబార్‌2000 అనే ప్లేయర్‌లో సాక్స్ రీశాంప్లర్ ప్లగిన్ చాలు, అదీ ఉచితమే. మరింత లోతుకు వెళ్లాలంటే హెచ్‌క్యూప్లేయర్ ఉంది, దానికి డబ్బు కట్టాలి. 44.1 పాటలకి 176.4 పెట్టండి, 48 వాటికి 192. మొదటి రోజే 705.6కి ఎగబాకొద్దు.

తేడా వినేటప్పుడు రెండు ఉచ్చులున్నాయి. ఒకటి 3.5 డెసిబెల్స్ తగ్గించడం. తగ్గించనిది గట్టిగా ఉంటుంది కాబట్టి మెరుగ్గా అనిపిస్తుంది. అందుకని రెండింటికీ ఒకే తగ్గింపు ఉండాలి. రెండోది, రేటు మారినప్పుడల్లా చాలా డ్యాక్‌లు టక్కుమంటాయి, లేదా క్షణం మౌనంగా ఉంటాయి. ఆ టక్కు విన్నాక అది గుడ్డి పరీక్ష (ఏది మోగుతోందో తెలియకుండా వినేది) కాదు. దీనికి మందుంది. పోల్చే రెండు ఫైళ్లనీ 176.4లోనే తయారు చేసుకోండి, ఒకటి సాక్స్‌లో తక్కువ నాణ్యత సెట్టింగ్‌తో, ఇంకొకటి అత్యధిక నాణ్యతతో. డ్యాక్ రేటు మారదు, ఫిల్టర్ ఒక్కటే మారుతుంది. ఫూబార్ ఏబీఎక్స్ ప్లగిన్‌లో వాటిని పెట్టి, మోగుతున్నది రెంటిలో ఏదో 16 సార్లు ఊహించండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోతే ఏదో వినిపిస్తోందని నమ్మొచ్చు. 9, 10 దగ్గర ఆగితే బొమ్మా బొరుసే.

ఇప్పటి మంచి డ్యాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ 9, 10 దగ్గరే ఆగుతారని నా అంచనా. అలా అయితే అప్‌శాంప్లింగ్ చిప్‌కే వదిలేసి, 3.5 తగ్గింపు మాత్రం ఉంచుకోండి.

వచ్చే పాఠం డిథర్. ఈలోపు మీ డ్యాక్ చిప్ పేరు కనుక్కుని, డేటాషీట్‌లో షార్ప్, స్లో రోల్-ఆఫ్ ఫిల్టర్ల గ్రాఫులు దొరికితే దగ్గర పెట్టుకోండి. డిథర్ తర్వాతి పాఠానికి వాటితో పని పడుతుంది.