.22 రైఫిల్ గురి చెదురుతోందా
.22 రైఫిల్ (చిన్న తూటాల తుపాకీ) ఉన్నట్టుండి గ్రూపులు చెదరగొడుతుంటే, అంటే ఒకే గురికి కొట్టిన గుళ్లు దగ్గరదగ్గరగా పడకుండా చెల్లాచెదురవుతుంటే, బ్యారెల్ పోయిందని కంగారు పడకండి, ముందు గన్ ఖాళీగా ఉందని చూసుకుని స్టాక్ (భుజానికి ఆనించే కట్టె భాగం) స్క్రూలు, స్కోప్ (గురి చూసే దుర్భిణి) మౌంట్ స్క్రూలు లూజయ్యాయేమో చూడండి, సగం రోగం అక్కడే ఉంటుంది. తర్వాత చాంబర్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు చూడండి. ఈ తూటాల మీద చాలావాటికి మైనం పూత ఉంటుంది కదా, అదీ మసీ కలిసి చాంబర్ ముందు వైపు రింగులా గట్టిపడిపోతుంది, ఇక తూటా సరిగ్గా కూర్చోదు, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ దెబ్బలో కొంత దాన్ని ముందుకి తొయ్యడానికే ఖర్చయిపోతుంది, అందుకే మిస్‌ఫైర్లు, అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడాలు. సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) వేసి కాసేపు నాననిచ్చి బ్రష్ చెయ్యండి. అన్నట్టు పేలకపోతే వెంటనే బోల్ట్ (చాంబర్‌ని మూసే భాగం) తెరవొద్దు, బ్యారెల్ మూతిని సేఫ్ వైపే పెట్టి 30 సెకన్లు ఆగండి. ఇవన్నీ చేసినా గురి కుదరకపోతే తూటాల రకం మార్చి చూడండి, ఖరీదైందే బాగా కొడుతుందని ఏం లేదు.