సొంతంగా చరిత్ర, 4వ పాఠం: వర్జీనియా తొలి గవర్నర్ల జాబితా చదవడం

పోయిన పాఠంలో ఇంటిపని ఏంటంటే, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 1776 రాజ్యాంగంలో గవర్నర్ గురించి ఉన్నవన్నీ ఏరి నోట్‌బుక్‌లో ఒకే పేజీలో రాసుకోవడం. చేసినవాళ్లు సరిచూసుకోండి, చేయనివాళ్లు ఇప్పుడైనా ఎక్కించుకోండి. గవర్నర్‌ని జనం కాదు, శాసనసభ రెండు సభలూ కలిసి ఓటేసి ఎన్నుకుంటాయి. పదవి ఏడాదే. మళ్లీ ఎన్నుకోవచ్చు గానీ వరసగా మూడేళ్లకు మించి కుదరదు, ఆ తర్వాత నాలుగేళ్లు ఆగాలి. పక్కన ఎనిమిది మంది మండలి ఉంటుంది, వాళ్ల సలహా లేకుండా పెద్దగా ఏమీ చేయలేడు. వీటో లేదు, సభను రద్దు చేసే అధికారం అసలే లేదు. మన రాజ్‌భవన్ గవర్నర్‌ని మనసులో పెట్టుకుని చదివితే మాత్రం దారి తప్పుతారు, ఈయన రాష్ట్రాన్ని నడపాల్సిన మనిషి, కాకపోతే చేతులు కట్టేసి కూర్చోబెట్టారు. ఎందుకలా అంటే, బ్రిటన్ రాజు పంపిన ఆఖరి గవర్నర్ డన్‌మోర్ 1774లో సభను రద్దు చేసిన సంగతి వాళ్లింకా మర్చిపోలేదు.

ఇక జాబితా:

ప్యాట్రిక్ హెన్రీ 1776–79
థామస్ జెఫర్సన్ 1779–81
థామస్ నెల్సన్ 1781
బెంజమిన్ హారిసన్ 1781–84
ప్యాట్రిక్ హెన్రీ 1784–86
ఎడ్మండ్ రాండాల్ఫ్ 1786–88

పేర్లు బట్టీ పట్టకండి. ప్రతి పేరు పక్కన ఒక గడి గీసి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈయన్ని దింపింది నిబంధనా, ఇంకేదైనానా? హెన్రీ తేలిక, మూడేళ్లు నిండాయి, దిగాడు. అదే హెన్రీ 1784లో మళ్లీ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, 1779కి నాలుగు కలపండి, 1783 నుంచే ఆయనకి అర్హత ఉంది. హారిసన్‌దీ మూడేళ్ల లెక్కే.

జెఫర్సన్ దగ్గర లెక్క కుదరదు. రెండేళ్లే చేశాడు, ఇంకో ఏడాది మిగిలి ఉంది. నిబంధనతో లెక్క తేలని చోటే ఆగి తవ్వాలి, ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది ఇదే. 1779లో ఆయన జాన్ పేజ్ మీద 67–61 ఓట్లతో గెలిచాడు, పేజ్ ఆయనకి కాలేజీ నాటి స్నేహితుడు. 1780లో రాజధాని విలియమ్స్‌బర్గ్ నుంచి రిచ్‌మండ్‌కి మారింది, బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, అప్పటికే బ్రిటిష్ వైపు చేరిపోయిన అమెరికన్ సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ 1781 జనవరిలో వచ్చి ఆ రిచ్‌మండ్‌లోనే నిప్పు పెట్టాడు. మేలో శాసనసభ సర్దుకుని షార్లట్స్‌విల్‌కి వెళ్లింది. జెఫర్సన్ గడువు జూన్ మొదట్లో అయిపోయింది, ఆయన ఇంకో ఏడాది ఉండాలనుకోలేదు, సభ ఏమో ఎన్నిక వాయిదా వేసింది. ఈలోగా వాళ్లని పట్టుకోడానికి బ్రిటిష్ సేనాని టార్ల్‌టన్ గుర్రపు దళం బయల్దేరింది. జాక్ జూయెట్ అనే ఆయన జూన్ 3 రాత్రి దాదాపు 40 మైళ్లు స్వారీ చేసి ముందే చెప్పబట్టి జెఫర్సన్ 4వ తేదీన తప్పించుకున్నాడు. సభ కొండలు దాటి స్టాంటన్ చేరి 12న నెల్సన్‌ని ఎన్నుకుంది.

మరి మధ్యలో ఎవరు? మండలి సభ్యుడు విలియం ఫ్లెమింగ్ తాత్కాలికంగా బాధ్యతలు చూశాడు. కొన్ని జాబితాల్లో ఆయన ఉంటాడు, కొన్నిట్లో ఉండడు. మీకు రెండు చోట్ల గవర్నర్ల సంఖ్య వేరువేరుగా కనిపిస్తే ఎవరో తప్పు రాశారని అనుకోకండి, తాత్కాలికంగా చేసినవాళ్లని లెక్కేశారా లేదా అని ముందు చూడండి. బ్రిటిష్ దాడుల్లో ఆయన వ్యవహరించిన తీరుపై జెఫర్సన్ మీద విచారణ కూడా పెట్టారు, డిసెంబర్‌లో తప్పేమీ లేదని తేల్చి కృతజ్ఞతలు చెప్పారు.

నెల్సన్ ఐదు నెలలే ఉన్నాడు. మిలీషియా (స్థానిక పౌరుల సైన్యం) సేనాని, బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన యార్క్‌టౌన్ ముట్టడిలో స్వయంగా ఉన్నాడు. యుద్ధం హడావిడిలో మండలిని అడక్కుండా చేసిన పనుల్ని శాసనసభ తర్వాత చట్టం చేసి మరీ చెల్లుబాటు చేయాల్సి వచ్చింది, ఆ నిబంధన ఉత్త కాగితం మీద మాట కాదని అక్కడ తెలుస్తుంది. నవంబర్‌లో ఆరోగ్యం బాగోక రాజీనామా చేశాడు. సొంతిల్లు అని కూడా చూడకుండా దాని మీదే ఫిరంగులు పేల్చమన్నాడని ఒక కథ ఉంది. బాగానే ఉంటుంది, కానీ ఇలాంటివి తేదీల గడిలో కలపకండి, వెనక పేజీలో "చెప్పుకుంటారు" అని పెట్టి అక్కడ రాసుకోండి.

మిగతా ఇద్దరివీ త్వరగా తేలిపోతాయి. హెన్రీ 1786లో ఇంకో ఏడాది ఉండొచ్చు, తనే వద్దన్నాడు. రాండాల్ఫ్ 1788లో రాజీనామా చేశాడు. 1787లో ఫిలడెల్ఫియాలో దేశం మొత్తానికి రాసిన కొత్త రాజ్యాంగం మీద సంతకం చేయనన్న ఆయనే మరుసటి ఏడాది రిచ్‌మండ్‌లో, దాన్ని వర్జీనియా ఆమోదించాలా వద్దా అని జరిగిన సభలో, దానికి మద్దతుగా మాట్లాడితే, హెన్రీ ఎదురు నిలిచాడు. ఈ ముక్క ఆరో పాఠానికి దాచుకోండి, పనికొస్తుంది.

ఇంటిపని. తర్వాతి వరస ఇది: బెవర్లీ రాండాల్ఫ్ 1788–91, హెన్రీ లీ 1791–94, రాబర్ట్ బ్రూక్ 1794–96, జేమ్స్ వుడ్ 1796–99, జేమ్స్ మన్రో 1799–1802, జాన్ పేజ్ 1802–05. అవును, 1779లో ఓడిపోయిన పేజే. వీళ్లలో నిబంధన లెక్క కుదరనిది ఎవరికో పట్టుకోండి. మన్రో 1811లో మళ్లీ వచ్చి కొద్ది నెలలకే వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడన్నది తర్వాత చూద్దాం, ముందు ఆయనకి మళ్లీ వచ్చే అర్హత ఏ ఏడాది నుంచి ఉందో లెక్కేసి పెట్టుకోండి.