ఆగిపోయిన ఓడోమీటర్ బాగుచేయడం, పాఠం 3: మీటరు లోపల

మొదటి పాఠంలో తేల్చుకున్న విషయం ఒక్కసారి గుర్తు చేసుకోండి. బండి నడుస్తుంటే స్పీడు ముల్లు సరిగ్గా కదులుతోంది, మొత్తం దూరం చూపే కిలోమీటర్ల అంకెలు (ఓడోమీటర్) మాత్రం కదలడం లేదు. అంటే గేర్‌బాక్స్ దగ్గరి సెన్సర్, అక్కడి నుంచి వచ్చే వైరు బాగానే ఉన్నాయి. 1970ల చివరి నుంచి 1989 దాకా వచ్చిన పోర్షే 911 కార్లలో స్పీడోమీటర్ ఎలక్ట్రానిక్‌ది. సెన్సర్ సంకేతం ముల్లునూ నడుపుతుంది, అంకెలు తిప్పే చిన్న మోటారునూ నడుపుతుంది. ముల్లు కదిలి అంకెలు ఆగాయంటే లోపం ఎక్కువగా ఆ మోటారుకూ అంకెల చక్రాలకూ మధ్యే ఉంటుంది. రెండూ ఆగిపోయి ఉంటే ఈ పాఠం మీకు కాదు, ముందు సెన్సర్ చూడండి.

రెండో పాఠంలో మీటరును డ్యాష్‌బోర్డులోంచి తీశాం. ఇప్పుడు దాన్ని విప్పాలి. నా లెక్కలో మొత్తం పనిలో కష్టమైనది ఇదే, గేరు మార్చడం కాదు.

అద్దం చుట్టూ ఉన్న నల్లటి రింగుకు స్క్రూలు ఉండవు. దాని అంచును ఫ్యాక్టరీలో డబ్బా మీదికి మడిచి నొక్కేశారు. మీటరును మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి, సన్నటి చదును స్క్రూడ్రైవర్ మొనను మడత కిందికి దూర్చి, వెంట్రుకవాసి మాత్రమే పైకి లేపండి. కొద్దిగా జరిగి మళ్ళీ అంతే. ఒకచోటే పూర్తిగా లేపాలని చూస్తే రింగు సొట్టపోతుంది, ఆ సొట్ట డ్యాష్‌బోర్డులో రోజూ కనిపిస్తుంది. చుట్టూ రెండు మూడు సార్లు తిరిగాక రింగు దానంతట అదే వదులవుతుంది. తొందరపడకండి.

రింగు, అద్దం, రబ్బరు వరుసగా తీసి, ట్రిప్ మీటరు (ఒక్కో ప్రయాణం దూరాన్ని విడిగా చూపేది) బటన్ విప్పి, వెనక స్క్రూలు తీస్తే లోపలి భాగమంతా డబ్బాలోంచి జారి వస్తుంది. ముల్లును మాత్రం వీలైనంతవరకు పీకకండి. పీకక తప్పని మీటరైతే, అది ఆగి ఉన్న చోటును ముందే సన్నటి టేపుతో గుర్తు పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు కొంచెం తేడా వచ్చినా స్పీడు తప్పుగా చూపిస్తుంది.

ఇక అసలు జబ్బు. మోటారు వైపు గేరును వేలితో మెల్లగా తిప్పుతూ చూడండి. కనిపించేది రెండింటిలో ఒకటి.

ఒకటి, ప్లాస్టిక్ గేరు పళ్ళు ఊడిపోవడం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. దానికితోడు బండి నడుస్తుండగా ట్రిప్ మీటరు బటన్ నొక్కితే, తిరుగుతున్న చక్రాలను బలవంతంగా సున్నాకు తోసినట్టవుతుంది. ఆ బరువంతా పళ్ళ మీదే పడుతుంది. బండి ఆపాకే ఆ బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి.

కొత్త గేరు తెప్పించాలంటే పళ్ళ సంఖ్య కచ్చితంగా తెలియాలి. ఒక పన్ను మీద ఇంకుతో చుక్క పెట్టి, భూతద్దం కింద అక్కడి నుంచి లెక్కపెట్టండి. పళ్ళు ఊడినచోట కూడా వాటి మొదళ్ళు మచ్చల్లా కనిపిస్తాయి, వాటినీ కలపాలి. రెండోసారి లెక్కపెట్టినా అదే సంఖ్య రావాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా అంకెలు కదులుతాయి కానీ దూరం తప్పు చూపిస్తాయి. మొరాయించే మీటరు కన్నా అబద్ధం చెప్పే మీటరు ప్రమాదం. ఊడిన ముక్కలన్నిటినీ ట్వీజర్‌తో ఏరేయండి. ఒక్కటి మిగిలినా కొత్త గేరులో ఇరుక్కుంటుంది.

రెండోది, పళ్ళన్నీ బాగుంటాయి, గేరు తిరుగుతుంది, అది కూర్చున్న ఇరుసు మాత్రం కదలదు. అంటే ఆ లోహపు గేరు పట్టు వదిలి ఇరుసు మీద జారుతోంది. 911లో ఇది కూడా మామూలే. ఇరుసును కొంచెం పక్కకు జరిపి, గేరు కూర్చునే చోటును చిన్న ఆకురాయితో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. సూది మొనతో ఒక్క చుక్క లాక్‌టైట్ లాంటి, లోహపు భాగాలను పట్టి ఉంచే జిగురు ద్రవం పెట్టి గేరును పాత చోటికే నొక్కండి. ఈ ద్రవం లోహానికీ లోహానికీ మధ్య మాత్రమే వాడాలి, కొన్ని ప్లాస్టిక్‌లను అది పగలగొడుతుంది. అంకెల చక్రాల్లోకి పాకితే అవి శాశ్వతంగా అతుక్కుపోతాయి. అందుకే ఒక్క చుక్క అంటున్నాను.

అంకెల చక్రాలను విడదీయాల్సిన పని రాకూడదు. ఇరుసు పూర్తిగా బయటికి లాగితే వాటి వరుస చెదురుతుంది. ఒకవేళ చెదిరితే, విప్పకముందు తీసిన ఫొటోలోని సంఖ్యకే తిరిగి పేర్చండి, ఒక్క కిలోమీటరు కూడా తగ్గించకుండా. బండి తిరిగిన దూరాన్ని నమ్మే దాని సర్వీసు చేస్తారు, కొంటారు. అమెరికాలోనైతే బాగుచేశాక పాత సంఖ్య నిలబెట్టలేకపోతే మీటరును సున్నాకు తెచ్చి, పాత సంఖ్య, బాగుచేసిన తేదీ రాసిన చీటీ ఎడమ తలుపు ఫ్రేముకు అంటించాలని చట్టమే ఉంది. ఏ దేశంలో ఉన్నా, మీటరు ఆగి ఉండగా బండి సుమారు ఎంత తిరిగిందో సర్వీసు పుస్తకంలో రాసిపెట్టండి.

ద్రవం ఆరడానికి ఒక రాత్రంతా వదిలేయండి. మర్నాడు మోటారు గేరును వేలితో ముందుకే తిప్పుతూ, కుడి చివరి అంకె 9 దాటి 0కి వచ్చేటప్పుడు పక్క అంకె తడబడకుండా ఒక్కటి ముందుకు జరుగుతుందో లేదో చూడండి. రింగు ఇంకా మడవకండి. నాలుగో పాఠంలో ముందు మీటరును తెరిచి ఉంచే కారు వైర్లకు కలిపి చూస్తాం, ఆ తర్వాతే మూత.