ఎమ్మెల్యే దగ్గరికి బడి పని మీద వెళ్తున్నారా? ముందు ఫైలు సిద్ధం చేసుకోండి

పంచాయతీరాజ్‌ శాఖలో ఏఈగా (అసిస్టెంట్‌ ఇంజనీరుగా) పనిచేసి రిటైరయ్యాను. బడి గదులు, టాయిలెట్లు, ప్రహరీ గోడలకు ఎస్టిమేట్లు రాయడంలోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. ఊరివాళ్ళు ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు వచ్చి "సార్, మా బడిని కొంచెం చూడండి" అంటారు. ఆయన "చూద్దాం, కాగితం ఇచ్చి వెళ్ళండి" అంటాడు. ఆ కాగితం పీఏ చేతిలోని కట్టలో కలిసిపోతుంది. ఇందులో నాయకుడికి మనసు లేకపోవడం కంటే, ఆ కాగితంతో ఏం చేయాలో ఎవరికీ తెలియకపోవడమే ఎక్కువ. ఏ పని, ఎక్కడ, ఎంత ఖర్చు అన్నవి లేకపోతే ఫైలు పుట్టదు.

ముందు ఎవరి దగ్గర ఏ డబ్బు ఉంటుందో చూసుకోండి. ఎంపీకి ఎంపీల్యాడ్స్‌ (ఎంపీ స్థానిక అభివృద్ధి నిధుల పథకం) కింద ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలో పనులు సిఫారసు చేస్తాడు. రాజ్యసభ సభ్యుడు తాను ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా చేయొచ్చు, కానీ ఆయన్ని అడగాలని ఎవరికీ తోచదు! తెలంగాణలో ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంది. ఎంపీ నిధుల్లో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు వెళ్ళాలి. మీ బడి ఎస్సీ కాలనీలోనో తండాలోనో ఉంటే ఆ సంగతి అర్జీ మొదటి లైన్లోనే రాయండి.

ఈ డబ్బుతో కట్టడాలు కట్టొచ్చు, జీతాలివ్వడానికి వీల్లేదు. చాక్‌పీసులకు, పాడైన నల్లాకు ఎమ్మెల్యే దాకా పోనక్కర్లేదు. సమగ్ర శిక్ష పథకం కింద బడి చిన్న ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్‌ గ్రాంటు అందుకే. పిల్లలు 30 మందిలోపు ఉంటే 10 వేలు, 31 నుంచి 100 దాకా ఉంటే 25 వేలు. అది వచ్చిందా, దేనికి ఖర్చయిందని హెడ్మాస్టరును అడగండి. తాగునీరు, పారిశుద్ధ్యం పనులైతే సర్పంచ్‌ దగ్గరికి వెళ్ళండి. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద వాటా వాటికే.

తర్వాత బడి కమిటీ తీర్మానం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. ప్రభుత్వ గ్రాంట్లకు అదే ఆధారమని చట్టంలోనే ఉంది. చాలా ఊళ్ళలో ఆ ప్రణాళిక హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది, లేదా అసలే ఉండదు. కూర్చుని రాయండి. పది పనులు రాసుకున్నా, నాయకుడి దగ్గరికి మాత్రం ఒక్కటే తీసుకెళ్ళండి. పది అడిగితే "దశలవారీగా చేద్దాం" అంటారు. ఆ మాటకు అర్థం మీకూ తెలుసు.

పని పేరు రాసేటప్పుడు జాగ్రత్త. "ఆడపిల్లలకు టాయిలెట్లు" అని అడిగితే ఏఈ టాయిలెట్లకే ఎస్టిమేట్‌ వేస్తాడు. గోడలు లేస్తాయి, టైల్స్‌ పడతాయి, తలుపుకు రంగు కూడా వేస్తారు. నీళ్ళు మాత్రం ఉండవు. ఏడాది తిరగకుండా అందులో చీపుళ్ళు, విరిగిన బెంచీలు పెట్టి తాళం వేస్తారు. అందుకే తీర్మానంలోనే "ఓవర్‌హెడ్‌ ట్యాంకు, మోటారు, పైపులైను, సెప్టిక్‌ ట్యాంకుతో సహా" అని రాయండి. ఎస్టిమేట్‌లో లేనిదానికి బిల్లు రాదు, బిల్లు రానిది కాంట్రాక్టరు కట్టడు.

స్థలం కాగితం కూడా చూసుకోండి. ఎప్పుడో ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన జాగాలో నడిచే బళ్ళు బోలెడు. పునాది తవ్వేరోజు మనవలు వచ్చి అడ్డం పడతారు. తహసీల్దార్‌ ఆఫీసులో ముందే తేల్చుకోండి. తీర్మానం కాపీ, ఎస్టిమేట్‌, స్థలం కాగితం, రెండు ఫోటోలు, పైన బడి యూడైస్‌ కోడ్‌తో (ప్రతి బడికీ ఉండే గుర్తింపు నంబరు) ఒక్క పేజీ అర్జీ. ఇంతే ఫైలు.

వెళ్ళేటప్పుడు తల్లులు ముందుండాలి, ఏ పార్టీ కండువా వద్దు. నాయకుడు సిఫారసు చేశారంటే పని సగమైంది. మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, ఫైలు చూసేది సీపీఓ (ముఖ్య ప్రణాళికాధికారి) ఆఫీసు. అక్కడ మీ కాగితం అందినట్టు ఇన్‌వర్డ్‌ నంబరు తీసుకోండి. ఎన్నికల కోడ్‌ పడితే కొత్త పనులు ఆగిపోతాయి, క్యాలెండరు చూసుకుని కదలండి.

టీచర్లు లేరన్నది వేరే లెక్క. పోస్టు ఇవ్వడం ఎమ్మెల్యే చేతిలో లేదు, అసెంబ్లీలో ప్రశ్న వేయడం ఆయన చేతిలోనే ఉంది. 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని చట్టం చెబుతోంది. మీ బడిలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లున్నారో అంకెలతో రాసిచ్చి, బడ్జెట్‌ సమావేశాలకు ముందే ప్రశ్న వేయమని అడగండి.

పని మొదలయ్యాక ఎస్టిమేట్‌ కాపీ ఒకటి కమిటీ దగ్గర ఉండాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయి ఆఫీసులో దరఖాస్తు ఫీజు 5 రూపాయలే. అందులో స్లాబు మందం, స్టీలు సైజు అన్నీ ఉంటాయి. టేపు పట్టుకుని స్లాబు వేసే ముందే చూడండి, వేశాక స్టీలు ఎవరికీ కనబడదు.