న్యాచాంగ్ తీరానికి బయలుదేరే అనంతపురం యాత్రికులకు జాగ్రత్తలు

వియత్నాంలోని ఖాన్ హోవా రాష్ట్రంలో ఉన్న న్యాచాంగ్‌కు టికెట్లు తీసుకునే ముందు ఏ నెలో చూసుకోవాలి. చినుకు కోసం ఎదురుచూసే మన జిల్లా లెక్కతో అక్కడి వానను అంచనా వేయకూడదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కుండపోత వానలకు పడవలు ఆగిపోతుంటాయి.

ఎండ మనకు కొత్తా అన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే మన పొడిగాలికి ఇట్టే ఆరిపోయే చెమట అక్కడి ఉక్కలో ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. నూలు బట్టలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. ఎర్రజెండా కనిపిస్తే సముద్రంలో దిగకూడదు. హోన్ మున్ దీవి దగ్గర పగడాలపై కాలు మోపకూడదు, అవి ప్రాణమున్న జీవులు.

8వ శతాబ్దం నుంచి, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చాం రాజులు కట్టించిన పొ నగర్ ఆలయాల్లోకి చెప్పులు విడిచి, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి. అక్కడి అమ్మవారిని సంస్కృత శాసనాలు భగవతి అన్నాయి. లేపాక్షి రాతిపని ఎరిగినవారు ఆ ఇటుకల అతుకుల దగ్గర కాసేపు ఆగి చూడాలి; సున్నపు గీత దాదాపు కనిపించదు.

శాకాహారులు ‘చాయ్’ అని అడగాలి. అక్కడ ఆ మాటకు అర్థం టీ కాదు, శాకాహారం. అయినా చేపల సాస్ కలిపారేమో విడిగా అడగడమే మంచిది. ఈ-వీసాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పకుండా ఉండాలి.