నల్లమల అంచున చెంచు గూడెంలో రెండు రాత్రులు ఉండాలంటే ఎలా?

దోర్నాల దాటి శ్రీశైలం బస్సు అడవిలోకి దూరగానే, కిటికీ పక్కన కూర్చున్న వాళ్లలో ఒకరైనా "ఇక్కడ ఒక్క రాత్రి ఉంటే ఎంత బాగుండు" అంటారు. నేనూ ఏళ్ల తరబడి అన్నవాణ్ణే. చివరికి తెలిసిన చెంచు కుటుంబం పుణ్యమా అని మూడుసార్లు ఉండొచ్చాను. లాడ్జిలో రూమ్ తీసుకున్నంత తేలిక కాదు గానీ, పద్ధతి తెలిస్తే కష్టమూ కాదు.

ముందు నెల చూసుకోండి

టీవీలో చూసే వర్షారణ్యం లాంటిది అనుకుని రావద్దు. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి దాటితే తునికి, నల్లమద్ది, తప్సి చెట్లు మోడుల్లా నిలబడి ఉంటాయి. మే నెలలో గూడెం వాళ్లకే నీళ్లకు కటకట, పైగా అడవి అంటుకునే కాలం. మనం వెళ్లి వాళ్ల బిందెలో వాటా అడగడం బాగోదు. జులై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని అటవీ శాఖ సఫారీలు ఆపేస్తుంది. ఇక మిగిలింది నవంబరు, డిసెంబరు, జనవరి. వాగుల్లో ఇంకా నీళ్లు ఉంటాయి, చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. శివరాత్రి, ఉగాది రోజుల్లో అటు వైపు చూడకండి, దారి పొడవునా శ్రీశైలం జనమే.

పర్మిషన్ సంగతి

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం లోపల కాపురం ఉండే వాళ్లు, రోడ్డు మీదుగా దాటిపోయేవాళ్లు లాంటి కొందరికి తప్ప మిగతావాళ్లకు అనుమతి పత్రం ఉండాల్సిందే. "మా ఫ్రెండు గూడెంలో ఉన్నాడు, పిలిచాడు" అంటే చెక్‌పోస్టులో చెల్లదు.

అందుకే అడవి లోపలి పెంటల (చెంచుల చిన్న ఆవాసాల) జోలికి పోకుండా, రోడ్డుకు దగ్గర్లో, అడవి అంచున ఉన్న గూడెం చూసుకోండి. ముందుగా మార్కాపురంలోని అటవీ డివిజన్ ఆఫీసుకు వెళ్లి, ఏ ఊరు, ఎంతమంది, ఎన్ని రాత్రులు అన్నది కాగితం మీద రాసి ఇచ్చి, అక్కడ రాత్రి ఉండొచ్చో లేదో కనుక్కోండి. వద్దంటే వాదించకండి. పగలు తుమ్మలబైలు సఫారీ చూసుకుని, రాత్రికి దోర్నాలలోనో మార్కాపురంలోనో పడుకోవచ్చు. అదీ మంచి ట్రిప్పే.

గేటు పడకముందే చేరండి

రైల్లో వచ్చేవాళ్లు గుంటూరు–గుంతకల్లు లైన్లో మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి బస్సులో దోర్నాల. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. జంతువులు దాటే దారి కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. మొదటిసారి మేం మార్కాపురంలో దోసెల దగ్గర తీరిగ్గా కూర్చుని, పది నిమిషాలు లేటుగా గేటు దగ్గరికి వచ్చాం. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. నలుగురం కారులోనే ముడుచుకుని పడుకున్నాం, తెల్లారేసరికి ఒక్కరి మెడా తిరగలేదు. గేటు సంగతి అటుంచి, అసలు పొద్దుగూకక ముందే గూడెం చేరడం మేలు. చీకట్లో కొత్త మొహాలు దిగితే కుక్కలూ ఊరుకోవు, మనుషులూ కంగారు పడతారు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

దోమతెర, టార్చి, బూట్లు, దుప్పటి, మందులు, తాగే నీళ్లు. బట్టలు మట్టి రంగువి. సెంటు, స్పీకరు ఇంట్లో వదిలేయండి. సిగ్నల్ వస్తే వచ్చినట్టు, కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ముందే చెప్పండి.

మీరు ఉండబోయే ఇంటికి బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం పట్టుకెళ్లండి. మనిషికి పూటకు ఎంత అవుతుందో దానికి రెట్టింపు, ఎందుకంటే పొయ్యి మీద ఒకసారి పెట్టాక పక్క గుడిసె పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. మందు సీసా మాత్రం వద్దు. గిఫ్టు అనుకుని తెచ్చే వాళ్లను చూశాను. తాగుడు గూడేల్లో ఇప్పటికే ఎన్ని కాపురాలు కూల్చిందో అక్కడి ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

దిగగానే

ఊరి పెద్దమనిషిని పలకరించండి. చెంచులు మాట్లాడేది తెలుగే, యాస వేరు. "పెద్దాయనా, ఫలానా వాళ్లింటికి వచ్చాం, రెండు రోజులు ఉంటాం" అంటే చాలు. "యాడ నుంచి వచ్చినారు, బువ్వ తిన్నారా" అని అడిగాక ఇక మీరు చుట్టాల కిందే లెక్క. అడగకుండా ఫోటోలు తీయకండి, ముఖ్యంగా వంట దగ్గరున్న ఆడవాళ్లను, పిల్లలను.

ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి: "అడవి మాంసం దొరుకుతుందా?" సరదాకే అడిగినా, అది నేరానికి పురమాయించడమే. కేసు పడితే ఇరుక్కునేది మనకు అన్నం పెట్టిన మనిషి. పైగా ఇక్కడి అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో పులులకు కాపలా కాసే వాచర్లలో చాలామంది చెంచులే.

రాత్రి

నేల మీద పడుకోకండి. మంచం అడిగి, దోమతెర అంచులు పరుపు కిందకు దోపండి. దోమల కోసం ఒక్కటే కాదు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి, నేల మీద నిద్రపోతున్న వాళ్లను కరుస్తుంది. చాలాసార్లు ఆ కాటు నొప్పే తెలియదు. బూట్లు లోపల పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోండి.

చెప్పడానికి మొహమాటపడే విషయం ఇంకొకటి. బహిర్భూమికి ఒంటరిగా, చీకట్లో, పొదల్లోకి వెళ్లొద్దు. ఇంటి వాళ్లను లేపండి, ఏమీ అనుకోరు. టార్చి వేసుకుని, మాట్లాడుతూ వెళ్లాలి. చెంచులు పులి కన్నా ఎలుగుబంటికే ఎక్కువ జంకుతారు. పులికి మనిషి అలికిడి తగిలితే తప్పుకుంటుంది. ఎలుగు పుట్ట తవ్వుకుంటూనో ఇప్పపూలు ఏరుకుంటూనో తన లోకంలో ఉంటుంది. హఠాత్తుగా దగ్గర్లో మనం కనిపిస్తే బెదిరి మీద పడుతుంది. అందుకే మాట వినిపిస్తూ ఉండాలి. ఏ జంతువు ఎదురైనా పరుగెత్తకుండా, వీపు చూపకుండా, మెల్లగా వెనక్కి జరగాలి.

పొద్దున నడక

ఊరి మనిషి తోడు లేకుండా కాలు బయట పెట్టొద్దు, పర్మిషన్‌లో రాసిన దారి దాటొద్దు. రెండోసారి వెళ్లినప్పుడు మా వెంట వచ్చిన అన్న బండి బాటలో ఉన్నట్టుండి ఆగి, చేతికర్రతో దుమ్ములో ఒక గుర్తు చుట్టూ గీత గీశాడు. నా అరచేయంత ఉంది. "గోళ్లు కనపడతన్నాయా?" అన్నాడు. కనపడలేదు. కుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్లు పడతాయి, పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. తర్వాత గీత నాలుగు వైపులా సమానంగా చదరంలా వచ్చింది చూడమన్నాడు. మగది. ఆడపులి అడుగు కొంచెం పొడుగ్గా వస్తుందట. రాత్రి పడిన మంచు చుక్కలు ఆ అడుగు మీద లేవు, చుట్టూ ఉన్న దుమ్ము మీద ఉన్నాయి. అంటే తెల్లవారుజామున మంచు పడ్డాకే అది అటుగా వెళ్లింది! సఫారీ జీపులో ఎన్నిసార్లు తిరిగినా నాకు ఆ వణుకు రాలేదు.

తేనె తీయడం చూపించమని పట్టుబట్టకండి. కొండ చరియకు తాడు కట్టుకుని దిగే పని అది. పైన తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలని అంటారు, చెల్లెలి పసుపుకుంకాలు పోగొట్టుకోడు కదా అని.

ఒంట్లో బాగోకపోతే

పాము కరిస్తే కట్లు గట్టిగా బిగించడం, గాటు పెట్టడం, పసరు పోయడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, దొరికిన బండిలో ఆసుపత్రికి బయల్దేరాలి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే, అడవిలో ఉండొచ్చామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మలేరియా పరీక్ష రాస్తారు. స్నానం చేసేటప్పుడు పిడుదులు పట్టాయేమో చంకల్లో, మోకాలి వెనక చూసుకోండి.

బయల్దేరేటప్పుడు

డబ్బు ఎంతివ్వాలో ముందురోజే మాట్లాడుకుని, ఇంటి ఇల్లాలి చేతికివ్వండి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా మీ సంచిలోనే వెనక్కి తీసుకెళ్లండి. తేనె అమ్ముతామంటే బేరమాడకుండా కొనండి. వాళ్లు తేనె, తప్సి బంక గిరిజన సహకార సంస్థకు కూడా అమ్ముతారు కాబట్టి ధర వాళ్లకు తెలుసు. సీసా మూత మాత్రం ఒకటికి రెండుసార్లు బిగించుకోండి. మా కారు డిక్కీలో చీమలు ఇంకా పోలేదు.